రేవులో చెప్పి వెళ్ళే మాస్టారు

ఆదివారం పొద్దున్న కాఫీ కలుపుతుండగా ఫోను మోగింది. మాస్టారి అమ్మాయి. "అక్కా, నాన్నగారు వెళ్ళిపోయేరు" అంది. ముందురోజు మధ్యాహ్నం భోంచేసి పడక్కుర్చీలో కునుకు తీశారట. సాయంత్రం టీ ఇద్దామని లేపబోతే లేవలేదట. తొంభై నిండిన మనిషి. ఎవరి చేతా ఒక్క పూట చేయించుకోకుండా, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పి మరీ వెళ్ళారు. ఏడవడానికి పెద్దగా సందివ్వలేదు. అయినా నేను ఏడ్చాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

ఫోను పెట్టేసే ముందు ఆ పిల్ల ఇంకో మాట అంది. "పలక తుడవలేదక్కా. నువ్వొచ్చి చూసేక తుడుద్దామని అలాగే ఉంచేం."

పలక అంటే ఏమిటో, అది చూడడానికి నేనే ఎందుకు వెళ్ళాలో మీకు తెలియాలంటే ముందు మాస్టారి సంగతి చెప్పాలి. మాస్టారి సంగతి చెప్పాలంటే నా తెలివితక్కువతనం ఒకటి బయటపెట్టాలి. ఆ రోజుల్లో తెలిసినవాళ్ళకి తప్ప, ఆయన బతికుండగా దాన్ని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే ఆయన సంతోషిస్తారనే అనుకుంటున్నాను.

మాస్టారు మాకు రాజోలు వైపు హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. డెబ్భైల నాటి మాట. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు మూడు సుద్దముక్కలు ఉండేవి. ఆ జేబు ఎన్నిసార్లు ఉతికినా తెల్లగానే ఉండేదని ఆయన భార్య, మేమంతా అమ్మగారు అనే ఆవిడ, విసుక్కునేవారు. మనిషికి కోపం వస్తే గొంతు పెరగదు, మర్యాద పెరుగుతుంది. మామూలప్పుడు "ఏమ్మాయ్" అనే ఆయన, మనం తప్పు చేస్తే "అండీ" అనేవారు. ఆ అండీ వినపడిందంటే క్లాసు క్లాసంతా పుస్తకాల్లో తలలు దూర్చేసేది.

తొమ్మిదో తరగతిలో నాకు ఆ అండీ పడింది. మా పిన్ని కూతురి పెళ్ళని కొత్తపేట వెళ్ళి, మూడు రోజులు బడి ఎగ్గొట్టి, నాలుగో రోజు చేతులకి గోరింటాకుతో వచ్చి కూర్చున్నాను.

"మూడు రోజులూ ఎక్కడికి వెళ్ళేరండీ తమరు?"

"పెళ్ళికండి. కొత్తపేట."

"శుభం. ఎవరితో చెప్పి వెళ్ళేరు?"

"ఎవరితోనూ చెప్పలేదండి."

"వెళ్ళడం తప్పు కాదండీ. ఎక్కడికో చెప్పకుండా వెళ్ళడం తప్పు. రేవులో చెప్పి వెళ్ళాలి."

మా ఊరికి అసలు రేవే లేదు. ఆ మాట అనబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాను. అప్పుడాయన లెక్క పక్కన పెట్టి తన చిన్నప్పటి సంగతి చెప్పారు.

మాస్టారిది వైనతేయ పాయలో ఒక లంక. చుట్టూ గోదారి, మధ్యలో ఊరు. ఆయన అమ్మానాన్నలు కూలి పనికి వెళ్ళేవారు. వరద రోజుల్లో లంకలోకి నీళ్ళొస్తే తట్టాబుట్టా సర్దుకుని గట్టు మీదికో, చుట్టాల ఊరికో వెళ్ళిపోవాలి. ఎప్పుడు ఎక్కడుంటారో వాళ్ళకే తెలియదు. అందుకని లంక వాళ్ళకి ఒక అలవాటు ఉండేదట. ఊరు దాటేవాళ్ళు పడవ రేవులో ఉన్న పెద్దాయనతో, మేం ఫలానా ఊళ్ళో ఫలానా వారింట్లో ఉంటాం అని చెప్పి వెళ్ళడం. ఉత్తరం తెచ్చిన పోస్టుమాను, సంబంధం మాట్లాడ్డానికి వచ్చినవాళ్ళు, వెతుక్కుంటూ వచ్చిన చుట్టాలు, అందరూ ముందు రేవులో అడిగేవారు. ఒక ఏడాది మాస్టారి నాన్నగారు ఎక్కడో కోతలకి వెళ్ళి తిరిగొచ్చేసరికి లంకలో ఇల్లు లేదు. మనుషులు లేరు. రేవులో అడిగి తిన్నగా వాళ్ళున్న పాక ముందుకే వచ్చి నిలబడ్డారట.

"మా నాన్న ముప్పై ఊళ్ళు తిరగలేదు. ఒక్కచోట అడిగేడు" అన్నారు మాస్టారు. "ఇల్లు మారొచ్చు. రేవు మారకూడదు."

క్లాసంతా వింది. నాకు మాత్రం ఎండిపోతున్న గోరింటాకు మీదే ధ్యాస. ఆ మాటకి ఎంత బరువుందో తెలియడానికి ఇంకో పన్నెండేళ్ళు పట్టింది.

నేను చదువు ఇంటర్‌తో ఆపి, అమలాపురంలో టైపు నేర్చుకున్నాను. హయ్యరు ప్యాసయ్యాను. మా టైపు మాస్టారు వేరే ఆయన. ఆయన చేతిలో స్కేలు ఉండేది. కామా తర్వాత ఒక ఖాళీ, ఫుల్‌స్టాప్ తర్వాత రెండు ఖాళీలు, సమానం గుర్తుకి అటొక ఖాళీ ఇటొక ఖాళీ. తప్పితే స్కేలు కణుపుల మీద పడేది. ఆ ఖాళీలు నా బొటనవేలికి ఎంత అలవాటయ్యాయంటే, పెళ్ళయ్యాక చాకలి పద్దు రాసినా సమానం గుర్తుకి అటూ ఇటూ చోటు వదిలేదాన్ని.

ఆ టైపు పుణ్యాన ఒక మిషను ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. ఉత్తరాలు, రిపోర్టులు, రోగుల రిజిస్టర్లు. ఎనభైలు సగం దాటాక ఎవరో దాత ఆసుపత్రికి ఒక కంప్యూటర్ ఇచ్చారు. దాని ముందు కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు. డాక్టరమ్మ గారు ఆలోచించి, రిటైరై ఇంట్లో ఉన్న మా లెక్కల మాస్టారికి కబురు పెట్టారు. ఆయన కాకినాడ వెళ్ళి ఏదో శిక్షణ తీసుకుని, లావుపాటి పుస్తకం ఒకటి చంకలో పెట్టుకుని సైకిలు మీద దిగారు. గది బయట నన్ను చూసి, "ఏమ్మాయ్, రేవులో చెప్పే వచ్చేవా?" అన్నారు. పన్నెండేళ్ళు గడిచినా మర్చిపోలేదు.

కంప్యూటర్ని ఆయన 'అది' అని ఎప్పుడూ అనలేదు. 'వారు' అనేవారు. "వారికి తెలీదమ్మా, వారికి చెప్పాలి." "వారు పొద్దున్నే కొంచెం నిదానం." ఆ గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళేవాళ్ళం. దుమ్ము పడకూడదనే లెండి, కానీ చూసేవాళ్ళకి పూజ గదిలా ఉండేది. కాంపౌండరు ఒకాయన నిజంగానే గుమ్మానికి దణ్ణం పెట్టి వెళ్ళేవాడు.

పని ఏమిటంటే, క్షయ రోగుల రిజిస్టరు అందులోకి ఎక్కించాలి. క్షయ మందు నెలల తరబడి వాడాలి. కాస్త నయంగా ఉంది కదా అని మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. తిరగబెట్టిన జబ్బు మొదటి మందుకి లొంగదు. కాబట్టి ప్రతి పదిహేను రోజులకీ ఎవరికి మందు అయిపోవస్తోందో ఊళ్ళ వారీగా జాబితా తియ్యాలి. నర్సమ్మ ఆ జాబితా పట్టుకుని ఊళ్ళు తిరిగి మందులిచ్చి వస్తుంది.

ఆ జాబితాలు తీయడానికి మాస్టారు స్క్రిప్టులు రాశారు. స్క్రిప్టు అనే మాట ఆయనకి నచ్చలేదు. చీటీ అనేవారు. "సంతకెళ్ళే మనిషికి రాసిస్తాం చూడు, ముందు బెండకాయలు, తర్వాత చింతపండు అని. అలాగే ఇది వారికి చీటీ. రిజిస్టరు తెరువు, మందు అయిపోయేవాళ్ళ పేర్లు ఏరు, ఊరి వారీగా పేర్చు, అచ్చు వెయ్యి." చీటీలు ఆయన కాగితం మీద రాస్తే నేను ఎక్కించేదాన్ని. ఏ పనికి ఏ చీటీ చదవాలో వారికి ఇంకో పట్టికలో రాసి పెట్టాలి. అందులో చీటీని పిలిచే ప్రతిచోటా అది ఎక్కడుందో పూర్తి చిరునామా రాసేదాన్ని. నలభై పైచిలుకు చోట్ల రాశాను. అంత పొందిగ్గా రాసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆ ఏడు వరదొచ్చింది. ఆసుపత్రి ఆవరణలోకి నీళ్ళొస్తుంటే కంప్యూటర్ని నులక మంచం మీద పెట్టి నలుగురు మేడెక్కించారు. వారు తడవలేదు గానీ ఆ కుదుపులకి లోపలి డిస్కు పాడైంది. కాకినాడ నుంచి వచ్చిన ఇంజినీరు పాత డిస్కు పక్కన కొత్తది బిగించి పోయాడు. పాతదాని పేరు C, కొత్తదాని పేరు D. నేను హడావిడిగా, నకళ్ళు దాచిన పాత ఫ్లాపీల్లోని చీటీలన్నీ D గుమ్మంలో గుమ్మరించి, తర్వాత తీరిగ్గా CHEETI అని ఒక అర, అంటే ఫోల్డరు, చేసి అందులో సర్దాను. గుమ్మంలో పోసినవి మాత్రం తీయడం మర్చిపోయాను. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, దీంతో పని ఉంది.

నేను రాసిన నలభై చిరునామాలూ C కి రాసినవి. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు. ఏది నొక్కినా ఫైలు దొరకలేదని ఆకుపచ్చ అక్షరాలు. రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కటీ దిద్దాను. దిద్దినవాటిలో కూడా రెండు తప్పాయి. మూడో రోజు మాస్టారు వచ్చి నా వెనక నిలబడి కాసేపు చూశారు.

"నలభై చోట్ల చెప్పేవు. ఒక్కచోట చెప్పి ఉంటే?"

"ఒక్కచోట ఎలా చెప్తామండీ?"

లావుపాటి పుస్తకం తెరిచి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అన్న మాట మీద వేలు పెట్టారు. ఎన్విరాన్‌మెంట్ అంటే పర్యావరణం కదండీ, మనకి చెట్లతో ఏం పని అన్నాను. ఆయన నవ్వలేదు. నేను చెప్పిన మంచి జోకులకి ఆయన ఎప్పుడూ నవ్వేవారు కాదు.

"వారు పొద్దున్నే లేచినప్పుడు ముందు ఒక కాగితం చదువుకుంటారు. ఆ కాగితంలో ఒక పేరు రాసి, దానికెదురుగా చోటు రాస్తాం. ఆ తర్వాత రోజంతా ఎవరు ఆ పేరు అడిగినా వారు ఆ చోటు చెప్తారు. చీటీని పిలిచేచోట చిరునామా రాయొద్దు. ఆ పేరు రాయి. చీటీలు ఎక్కడికి మార్చినా ఆ ఒక్క కాగితంలో మారిస్తే చాలు. ఏమిటమ్మా ఇది?"

నోరు తెరవకముందే నాకు కొత్తపేట పెళ్ళి, చేతుల గోరింటాకు, క్లాసు గది, అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి.

"రేవండి" అన్నాను.

"ఆయ్" అన్నారు మాస్టారు. నా జన్మలో అంత తృప్తిగా పలికిన ఆయ్ మళ్ళీ వినలేదు.

ఆయనే కూర్చుని ఒక్క వేలితో ఆ వరస కొట్టారు.

SET REVU=D:\CHEETI

నలభై చోట్లా చిరునామా తుడిచి, రెండు శాతం గుర్తుల మధ్య REVU అని పెట్టాను. ఆ సాయంత్రం అమ్మగారు పంపిన ఆత్రేయపురం పూతరేకులు తింటూ ఆయన ఒక మాటన్నారు. వెతకడం తెలివి కాదమ్మా, దొరికేలా పెట్టడం తెలివి. అప్పటికే ఆయన మీసాల నిండా పంచదార పొడి. అమ్మగారు చూసి ఉంటే, ముందు మీసంలో ఉన్నది వెతుక్కోండి అనేవారు.

తర్వాత ఏడాది హాయిగా గడిచింది. లంక ఊళ్ళకి కూడా మందులు పంపుదామని డాక్టరమ్మ గారు అన్నప్పుడు, చీటీల్లో లంకల పేర్లు చేర్చాం. అది మాస్టారి చాలా రోజుల కోరిక. లంక వాళ్ళు మందుకి పడవెక్కి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, అందుకే మానేస్తారు, మనమే వెళ్ళాలి అని ఆయన డాక్టరమ్మ గారి చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పారు. ఆ తర్వాత చీటీలన్నిటినీ ఇంకా బాగా తిరగరాసి KOTTA అనే కొత్త అరలో పెట్టాం.

సరిగ్గా అప్పుడే ఆయనకి కంటి ఆపరేషను పడింది. కాకినాడ వెళ్తూ నా బల్ల మీద కాగితం పెట్టారు. 'నేను కాకినాడలో, మా తమ్ముడి ఇంట్లో ఉంటాను. సోమవారం నువ్వే రేవు మార్చు. ఒక్క వరసే.'

ఒక్క వరసే. టైపు హయ్యరు ప్యాసైన దాన్ని, నాకో లెక్కా? సోమవారం తలంటుకుని వచ్చి, చెప్పులు విప్పి, ఎంతో అందంగా కొట్టాను.

SET REVU = D:\KOTTA

వారు ఏమీ అనలేదు. జాబితా నొక్కితే జాబితా వచ్చింది. ఊళ్ళ వారీగా, ముచ్చటగా. నర్సమ్మ చేతికిచ్చాను. ఆమె పట్టుకుని వెళ్ళింది.

పది రోజుల తర్వాత మాస్టారు నల్ల కళ్ళద్దాలతో తిరిగొచ్చారు. డాక్టరు ఇంకా చదవొద్దన్నా జేబులోంచి భూతద్దం తీసి, నేను తీసిన జాబితా నకలు చూడడం మొదలుపెట్టారు. ముందుగా తన లంక పేరు కోసం వెతుకుతారని నాకు తెలుసు. మొదటి నుంచి చివరి దాకా చూశారు. మళ్ళీ మొదటికొచ్చారు.

"లంకల వాళ్ళేరండీ?" అన్నారు.

ఆ అండీ వినగానే తొమ్మిదో తరగతి బెంచీ మీద కూర్చున్నట్టే ఉంది. ఉన్నారనుకున్నానండి అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు. లంకల్లో మొత్తం ఏడుగురు. నర్సమ్మ దగ్గరున్న జాబితాలో వాళ్ళ పేర్లు లేవు. అంటే వాళ్ళకి మందు వెళ్ళలేదు. నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

ఆయన నన్ను ఊరుకోమనలేదు. తిట్టనూ లేదు. "వారినే అడుగుదాం. రేవులన్నీ చెప్పమను" అన్నారు. ఉత్త SET అని కొట్టాను. తెర మీద వరసలు వచ్చాయి. ఆయన భూతద్దం తెరకి ఆనించి, ఆపరేషను కాని కంటితో చాలాసేపు చూశారు.

"ఇదిగోనమ్మా. రేవు పేరు వెనకాల ఒక ఖాళీ ఉంది చూడు."

"సమానం గుర్తుకి అటూ ఇటూ ఖాళీ ఉండాలి కదండీ?"

అప్పుడు నవ్వారు. నేను జోకు వెయ్యనప్పుడు నవ్వడం ఆయనకి అలవాటు.

"కాగితం మీద ఆ ఖాళీ అందం. వారికి అది అక్షరం. ఖాళీ ఉన్న రేవు వేరు, ఖాళీ లేని రేవు వేరు. నువ్వు ఒక రేవులో చెప్పేవు, మన వాళ్ళు ఇంకో రేవులో అడిగేరు. ఆ రేవులో చెప్పినవాళ్ళెవరూ లేరు. అప్పుడు వారేం చేస్తారు? చోటు తెలీదు కాబట్టి గుమ్మంలో వెతుక్కుంటారు. గుమ్మంలో ఏముంది?"

వరదప్పుడు నేను గుమ్మరించి మర్చిపోయిన పాత చీటీలు. లంకల పేర్లు చేర్చకముందువి. ఏమీ దొరక్కపోతే వారు అప్పుడే చెప్పేవారు. పాతది దొరికింది కాబట్టి దాన్నే నమ్మకంగా చేసి పెట్టారు. తప్పు చేసినందుకు కాదు, అంత పొందిగ్గా తప్పు చేసినందుకు నాకు సిగ్గేసింది.

మాస్టారు లేచి గొడుగు తీసుకున్నారు. "మందులు కట్టించు. పద" అన్నారు. నల్లద్దాల మనిషి, ఎండలో, పడవ మీద. డాక్టరమ్మ గారు వద్దంటారని ఆవిడకి చెప్పకుండా బయల్దేరబోయాను. ఆయన కదల్లేదు. "చెప్పి రా" అన్నారు. వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆవిడ, ముందు మందులిచ్చి రామ్మా, తర్వాత మాట్లాడుకుందాం అన్నారు. ఆ సంగతి ఆ తర్వాత ఎప్పుడూ మాట్లాడలేదు.

మధ్యాహ్నానికి ఆరుగురు దొరికారు. ఇద్దరికి మందు ఆ పొద్దుటితో అయిపోయింది. మిగతావాళ్ళ దగ్గర ఒకటి రెండు రోజులకి సరిపడా ఉంది. మాస్టారు ఒక్కొక్కరి చేతిలో మందు పెడుతూ, ఆలస్యమైంది, మాదే పొరపాటు అని చెప్పారు. మా అమ్మాయి పొరపాటు అని ఒక్కచోట కూడా అనలేదు.

ఏడో ఆవిడ ఆయన సొంత లంకలో ఉంటుంది. నాలుగు నెలల మందు వాడింది. మొదట ఆసుపత్రికి వచ్చినప్పటికి సగం మనిషి, ఇప్పుడిప్పుడే బుగ్గలు నిండుతున్నాయి. వెళ్ళి చూస్తే పాక తలుపు తాడుతో కట్టి ఉంది. పొయ్యి చల్లగా ఉంది. పక్కవాళ్ళు కూడా లేరు. మందు రాలేదని ఇక రాదనుకుని వెళ్ళిపోయిందేమో అనిపించింది. నాలుగు నెలల మందు, నా బొటనవేలు కొట్టిన ఒక్క ఖాళీలో పోయిందనుకున్నాను. మాస్టారి మొహం చూడలేక ఆ తాడు ముడినే చూస్తూ నిలబడ్డాను.

మాస్టారు మాత్రం వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టారు.

"ఎక్కడికండీ?"

"రేవుకి."

వచ్చేటప్పుడు అదే రేవులో దిగాం. అడగాలని నాకు తట్టలేదు. పడవ పాకలో కూర్చున్న పెద్దాయన మమ్మల్ని చూసి తనే లేచాడు.

"మందులమ్మాయి గారు మీరేనాండీ? ఆవిడ చెప్పి వెళ్ళిందండి. అవతల గట్టు మీద చెల్లెలింట్లో ఉంటానని. చెల్లెలికి పురుడొచ్చిందండి. మందులమ్మాయి గారు తప్పకుండా వస్తారు, వస్తే పంపమని రోజూ అడుగుతోందండి."

"ఆయ్" అన్నారు మాస్టారు, నా వైపు చూడకుండా.

అవతల గట్టు మీద ఆవిడ చెల్లెలి బిడ్డని ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పోస్తోంది. మమ్మల్ని చూసి బిడ్డని తుడిచి అందించి, చెంగుకి కట్టుకున్న మందు పొట్లం విప్పి చూపించింది. రేపటికి ఉంది. "మీరొస్తారని తెలుసండి. అందుకే రేవులో చెప్పొచ్చేను" అంది. నేను ఎక్కడ చెప్పాలో తప్పినా ఆవిడ తప్పలేదు. నా మొహం చూసి ఆవిడ కొబ్బరి బొండం కొట్టించి ఇచ్చింది. ఆ నీళ్ళు తాగుతూ నేను మళ్ళీ ఏడిస్తే, ఎండ తగిలినట్టుందండీ పాపం అంది. మాస్టారు, అవునండి, బాగా తగిలింది అన్నారు.

ఆవిడ కోర్సు పూర్తి చేసింది. చివరి పొట్లం తీసుకున్న రోజు రేవు దాటి ఆసుపత్రికి స్వయంగా వచ్చి, వారి గది గుమ్మం దగ్గర నిలబడి లోపలికి చూసింది. ఇదేనా నా పేరు మర్చిపోయింది అని అడిగింది. కాదండి, మర్చిపోయింది నేను అన్నాను. ఆసుపత్రి వాళ్ళు కాని మనిషికి మొదటిసారి చెప్పాను ఆ మాట. చెప్పాక తేలికగా ఉంది.

ఆ తర్వాత మాస్టారు ఒక మార్పు చేయించారు. ఏ జాబితా తీసినా మొట్టమొదటి వరసలో, ఇది ఏ రేవు నుంచి వచ్చిందో అచ్చు పడాలి. అక్కడ ఏమీ లేకపోతే జాబితా ఆగిపోవాలి. ఎవరైనా ముందు ఎక్కడి నుంచి వచ్చేనో చెప్పుకుని తర్వాత మాట్లాడాలి, అది మర్యాద అన్నారు. గుమ్మంలో పాతవి ఊడ్చేయడం కూడా ఆ రోజే చేశాను.

పలక మొదలైంది కూడా అప్పుడే. ఆపరేషనయ్యాక ఆయన ఇంటికి పిల్లలూ పాత విద్యార్థులూ ఎవరో ఒకరు వస్తూనే ఉండేవారు. ఈయన ఇంట్లో కుదురుగా ఉండే రకం కాదు. అందుకని వీధి తలుపుకి ఒక పలక వేలాడదీసి, ఎక్కడికి వెళ్తే అది రాసి వెళ్ళేవారు. మాస్టారు=చర్చి. మాస్టారు=ఆసుపత్రి. మాస్టారు=కాలవ గట్టు, అరగంట. వచ్చినవాళ్ళు చదువుకుని అక్కడికే వెళ్ళేవారు. అమ్మగారికి అది పెద్ద వేళాకోళం. "దొడ్లోకి వెళ్ళినా పలక మీద రాస్తారమ్మా ఈయన. పెళ్ళప్పుడే రాసి ఉంటే నేను తప్పించుకునేదాన్ని" అనేవారు. ఆవిడ పోయిన రోజు నేను వెళ్ళేసరికి పలక మీద 'అమ్మగారు=' అని మాత్రం రాసి, ఆ తర్వాత ఏం రాయాలో తోచక ఆయన సుద్ద పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను పలక తీసుకుని తడిగుడ్డతో తుడిచాను. ఆయన్ని అలా చూడడం అదొక్కసారే.

నేను ఎప్పుడు వెళ్ళినా లోపలికి అడుగు పెట్టే ముందు ఆ పలక చూసేదాన్ని. చోటు కోసం కాదు. సమానం గుర్తు కోసం. ఆయనకి అది తెలుసు. ఒకసారి కావాలని అటూ ఇటూ బోలెడంత ఖాళీ వదిలి రాసి, తలుపు వెనక దాక్కుని నా మొహం చూశారు. అప్పటికి ఆయనకి ఎనభై దాటాయి.

ఆదివారం బస్సులో వంతెన దాటాను. ఇప్పుడు రేవు లేదు, పడవ పాక లేదు. నీళ్ళు మాత్రం అవే. మాస్టారి ఇంటి ముందు షామియానా వేశారు. జనం బాగానే వచ్చారు. ముసలివాళ్ళయిపోయిన ఆయన పాత విద్యార్థులు కొందరు నన్ను గుర్తుపట్టి, నువ్వు గోరింటాకు పిల్లవి కదూ అన్నారు. ఆయన చొక్కా మార్చలేదట. జేబు తెల్లగానే ఉంది. కాసేపు ఆయన దగ్గర కూర్చున్నాను. మందులిచ్చిన రోజు కన్నా ప్రశాంతంగా ఉంది మొహం.

తర్వాత మాస్టారి అమ్మాయి నా చెయ్యి పట్టుకుని వీధి తలుపు దగ్గరికి తీసుకెళ్ళింది. "శనివారం పొద్దున్న గట్టు దాకా నడిచి వచ్చేరక్కా. వచ్చి కాళ్ళు కడుక్కుని, పాతది తుడిచి ఇది రాసి, అప్పుడు భోజనానికి కూర్చున్నారు" అంది.

పలక మీద సుద్ద కాస్త వణికింది గానీ అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి.

మాస్టారు=ఇంట్లో

కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాను. సమానం గుర్తుకి అటూ ఇటూ ఎక్కడా ఖాళీ లేదు.